ముందు కాలవ, తర్వాత బాప్తిస్మం

'సేవ' అనే మాటకి ముందు 'క్రైస్తవ' అని తగిలించగానే మన ఐటీ జనాల లంచ్ టేబుల్ రెండుగా చీలిపోతుంది. ఒక పక్క వాళ్ళు "బియ్యం మూట ఇచ్చి మతం మార్చేస్తారు, అంతా ఫారిన్ డబ్బు" అంటారు. రెండో పక్క వాళ్ళు "మీ నాన్నగారు చదివింది మిషన్ స్కూల్లోనే కదా, నువ్వు పుట్టింది మిషన్ ఆస్పత్రిలోనే కదా" అంటారు. ఇద్దరి దగ్గరా చెరో వాట్సాప్ వీడియో ఉంటుంది. చెయ్యి కడుక్కునే లోపు వాదన అయిపోతుంది. టిఫిన్ బాక్సుతో పాటు ఎవరి అభిప్రాయానికి వాళ్ళు మూత పెట్టుకుని సీట్లకి వెళ్ళిపోతారు.

నా సంగతి వేరు. నేను పుట్టుకతో హిందువుని. గుడికెళితే దండం పెడతాను, వెళ్ళకపోతే బెంగ పెట్టుకోను. అలాంటివాడిని, శనివారం సాయంత్రాలు ఒక చిన్న చర్చి వాళ్ళు బస్తీ పిల్లల కోసం నడిపే ట్యూషన్లో కంప్యూటర్ పాఠాలు చెప్తున్నాను. దాంతో రెండు పక్కల వాళ్ళూ నా మీదే పడతారు. "వాళ్ళ మతప్రచారానికి నువ్వు ఫ్రీగా పనిచేస్తున్నావ్" అని ఒకరు. "ఎలాగూ వస్తున్నావు, ఆదివారం కూడా రావచ్చుగా" అని ఇంకొకరు. ఇద్దరికీ చెప్పడానికి నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు. అందుకని కాస్త చరిత్ర తవ్వాను. తవ్వితే నిజంగానే ఒక కాలవ బయటపడింది!

ఆ కాలవ పేరు బకింగ్‌హాం కాలవ. 1876-78 నాటి పెద్ద కరువులో, కరువు పనుల కింద మద్రాసుకీ కృష్ణా డెల్టాకీ మధ్య ఈ కాలవలో కొంత భాగాన్ని తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరే దానికి పెట్టారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది. అక్కడ జాన్ ఎవరెట్ క్లౌ అని ఒక అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. ఒంగోలు వాళ్ళు ఇప్పటికీ క్లౌ దొర అంటారు. ఈయన పాదిరీ అవకముందు అమెరికాలో భూముల సర్వే పనిచేశాడు. అంటే మనలాగే టెక్నికల్ మనిషన్నమాట :)

కరువులో జనం పిట్టల్లా రాలిపోతున్నారు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాలని కరువు పనుల్లో మగమనిషి రోజు కూలిని ఒక పౌను ధాన్యం, ఒక అణాకి కుదించాడు. ఒక పౌను అంటే అరకిలో కూడా లేదు. రోజంతా మట్టి మోసేవాడికి అదీ కూలి. పైగా మాదిగలు పనికి వెళితే అక్కడ మేస్త్రీలు కసురుకోవడం, దూరంగా నిలబెట్టడం. అప్పుడు క్లౌ ఏం చేశాడంటే, గంజి కేంద్రం పెట్టి ఊరుకోకుండా కాలవలో కొన్ని మైళ్ళ ముక్కని తనే కాంట్రాక్టుకి తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి కొలతలు, మట్టి లెక్కలు చూసుకోగలిగాడు. తన దగ్గరున్న బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలే. తోలుపని చేసే కులం వాళ్ళకి పలుగూ పారా కొత్త, అయినా నేర్చుకున్నారు. పనికి వచ్చినవాడిని నీ దేవుడెవరు అని అడగలేదు.

నన్ను ఆపేసిన విషయం ఇక్కడుంది. ఆ కరువు కాలంలో, సుమారు పదిహేను నెలల పాటు, క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు లేక కాదు, బోలెడంతమంది అడిగారు. అన్నం కోసం మతం పుచ్చుకున్నారనే మాట పడటం ఆయనకి ఇష్టం లేదు. ఇప్పుడు చెయ్యి చాచిన మనిషి నిజంగా ఏం కోరుకుంటున్నాడో ఆ మనిషికే తెలియదు, కరువు పోయాక చూద్దాం అనుకున్నాడు. 1878లో పనులు ముగిశాక, ఇక నా దగ్గర డబ్బూ లేదు, పనీ లేదు, సాయం కోసమైతే రావద్దు అని కబురు పెట్టాడు. అయినా వచ్చారు. జులై 3న ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జూన్ మధ్య నుంచి జులై ఆఖరు దాకా లెక్కేస్తే 9,606 మంది.

ఈ అంకెల్ని అమెరికాలో గొప్పగా చెప్పుకున్నారు, ఇక్కడ కొందరు ఇవే అంకెల్ని ఆధారంగా చూపించి తిట్టారు. నాకు మాత్రం అంకెల కన్నా క్రమం ముఖ్యం అనిపించింది. ముందు కాలవ, తర్వాత విరామం, ఆ తర్వాతే బాప్తిస్మం. మధ్యలో ఉన్న ఆ పదిహేను నెలలే మొత్తం వ్యవహారానికి నిజాయితీని ఇచ్చాయి.

అంత తేలిగ్గా మెచ్చేసుకుంటే ఎలా, అని మీరు అడగొచ్చు. నేనూ అడుగుతాను. కరువులో అన్నం పెట్టినవాడి మీద కృతజ్ఞత పదిహేను నెలలకి ఆరిపోతుందా? ఆరదు. ఆ కృతజ్ఞత కూడా జనాన్ని ఏటి ఒడ్డుకి నడిపించి ఉంటుంది. కానీ అదొక్కటే కారణం అనేవాళ్ళు ఒక విషయం మర్చిపోతారు. ఈ కదలిక కరువుతో మొదలవలేదు. 1866లోనే యర్రగుంట్ల పేరయ్య అనే తోలు వ్యాపారి, మాదిగ పెద్ద, క్లౌ రాకముందు నుంచీ యోగ గురువుల దగ్గర తిరిగి సత్యం వెతుక్కున్న మనిషి, ఇందులోకి వచ్చాడు. ఊరూరా తిరిగి తన చుట్టాలకీ పక్కాలకీ ఈయనే చెప్పాడు. కరువు వచ్చేనాటికే వేలమంది చేరి ఉన్నారు. చేరినవాళ్ళకి పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు.

ఆ మూడు నియమాలూ ఊరి లెక్కల్లో పెట్టి చూడండి. ఆదివారం పని చెయ్యను అంటే ఆసామి వెట్టికి వారానికో రోజు సెలవు అడిగినట్టు. విగ్రహాలకి మొక్కను అంటే జాతరలో డప్పు కొట్టను అన్నట్టు. ఊరు ఊరుకుంటుందా? బావి దగ్గరికి రానివ్వలేదు, పని ఇవ్వలేదు, కొట్టారు. బియ్యం మూట కోసమే చేరినవాడు ఇంత పడాల్సిన అవసరం లేదు. వాళ్ళకి దొరికింది అన్నం మాత్రమే అయితే కరువు తీరాక వెళ్ళిపోయేవాళ్ళే. పేరు పెట్టి పిలిచేవాడు, పక్కన కూచోబెట్టుకునేవాడు, పిల్లకి అక్షరం నేర్పేవాడు దొరికాడు. దీన్నే ఇప్పటి ఎన్జీవో భాషలో 'ఎంపవర్‌మెంట్' అంటున్నారు. క్లౌ చనిపోయాక 1914లో అచ్చయిన ఆయన ఆత్మకథలో ఇవన్నీ ఉన్నాయి. దొర కళ్ళతో రాసింది కాబట్టి కొంచెం ఉప్పు తగ్గించి చదువుకోవాలి, అంతే.

ఇప్పుడు తెలంగాణ వైపు వద్దాం. మెదక్ చర్చి చూడనివాళ్ళు తక్కువ. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మెథడిస్టు మిషనరీ కట్టించాడు. 1914లో మొదలై 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది, అంటే 2024 క్రిస్మస్‌కి నూరేళ్ళు నిండాయి. 173 అడుగుల గోపురం. దీని వెనక కూడా కరువే ఉంది. కరువుకి అల్లాడుతున్న జనానికి పని చూపించి, ఆ పనికి అన్నం పెడుతూ కట్టించారు. గైడ్లు అందరూ చెప్పే కథే.

ఇక్కడ నాకో పేచీ ఉంది. ఒంగోల్లో కరువు కూలి తవ్వింది కాలవ. పడవ ఎక్కినవాడిది ఏ మతమైనా ఆ నీళ్ళ మీద పోవచ్చు. మెదక్‌లో కరువు కూలి కట్టింది చర్చి. అద్భుతమైన కట్టడమే, ఇప్పటికీ అన్ని మతాల వాళ్ళూ వెళ్ళి చూస్తారు, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అయినా ఆకలితో ఉన్నవాడి చేత నీ దేవుడి ఇల్లు కట్టించడానికీ, ఊరి చెరువు తవ్వించడానికీ తేడా ఉంది. అదే మాటకొస్తే మన రాజులు కరువులో గుళ్ళు కట్టించారని మనం గర్వంగానే చెప్పుకుంటాం, కాబట్టి పోస్నెట్ ఒక్కణ్ణే బోనెక్కించడం అన్యాయం. ప్రభుత్వం ఈ ఆలోచనని చట్టంగా చేసి, అడిగినవాడికి పని హక్కు అని ఒప్పుకోవడానికి 2005 దాకా పట్టింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అక్కడ తవ్వినవాడు ఎవరికీ కృతజ్ఞతగా ఉండక్కర్లేదు. హక్కుకీ దానానికీ తేడా అదే కదా.

మెదక్ లాంటి కథకి పక్కన పెట్టుకోవాల్సిన ఇంకో కథ డిచ్‌పల్లిది. నిజామాబాద్ దగ్గర ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, భర్తతో కలిసి, కుష్ఠు రోగుల కోసం ఆస్పత్రి మొదలుపెట్టింది. 1915లో తెరిచారు. దానికి డబ్బిచ్చింది ఎవరో తెలుసా? నిజామాబాద్ ధనవంతుడు నర్సాగౌడ్, హిందువు. నిజాం పరిపాలనలో ఉన్న నేల, హిందువు డబ్బు, క్రైస్తవ డాక్టరు, అన్ని కులాల రోగులు. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి పుండు కడగడానికి అప్పట్లో ఇంకెవరు వచ్చారు? ఈ ప్రశ్న అడిగినప్పుడు మా లంచ్ టేబుల్ కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది.

ఇదంతా పాత కథ కదా, మన హైదరాబాద్ ఊసేది అంటారేమో. నేను ఉండేది అశోక్‌నగర్లో. ఇక్కణ్ణుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ వైఎంసీఏ చౌరస్తా దాకా నడక. మెట్రో ఎక్కితే చిక్కడపల్లి తర్వాతి స్టేషనే నారాయణగూడ. వైఎంసీఏ అంటే మనకి బస్‌స్టాపు పేరు, ఆటోవాడికి చెప్పే గుర్తు. ఆ నాలుగక్షరాల్లో మధ్య 'సీ' అంటే క్రిస్టియన్ అని చాలామందికి గుర్తు కూడా రాదు. 1844లో లండన్లో జార్జ్ విలియమ్స్ అనే బట్టల కొట్టు గుమాస్తా మొదలుపెట్టాడు. పల్లెటూళ్ళ నుంచి పట్నం వచ్చి, కొట్ల మీది గదుల్లో ఇరుక్కుని బతికే కుర్రాళ్ళకి సాయంత్రం పూట ఒక చోటు ఉండాలని ఆయన ఉద్దేశం. మా అశోక్‌నగర్ హాస్టళ్ళు చూస్తే ఆ అవసరం ఇంకా తీరలేదని తెలుస్తుంది. గదికి నలుగురు, ఒక్క ఫ్యాను, గోడంతా ఇండియా మ్యాపు.

వైఎంసీఏకీ మన పల్లెలకీ ఉన్న సంబంధం నాకు ఈ మధ్యే తెలిసింది. వి.ఎస్. అజరయ్య అని తిరునెల్వేలి తమిళుడు. 1895 నుంచి వైఎంసీఏలో పనిచేశాడు. 1909లో నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కి వచ్చాడు. తెల్లవాళ్ళు పంపితే వచ్చినవాడు కాదు. తిరునెల్వేలి క్రైస్తవులు తమలో తాము చందాలు వేసుకుని 1903లో పెట్టుకున్న మిషను తరఫున వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబర్లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. ఆయన పద్ధతి ఏంటంటే ఊళ్ళోవాణ్ణే గురువుగా తయారుచెయ్యడం, సంఘం ఖర్చు సంఘమే పెట్టుకోవడం. పేదవాడు ఎంత ఇవ్వగలడు అనొచ్చు. కానీ ఇచ్చినవాడికి అడిగే హక్కు వస్తుంది. తీసుకునేవాడు ఎప్పుడూ తల వంచుకునే ఉంటాడు. 1939లో ప్రతిష్ఠ చేసిన డోర్నకల్ కెథడ్రల్ ఫోటో చూడండి, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు కలిసి కనిపిస్తాయి.

అజరయ్య స్నేహితుడు కె.టి. పాల్ 1916లో వైఎంసీఏ జాతీయ ప్రధాన కార్యదర్శి అయిన మొదటి భారతీయుడు. పల్లెల్లో అప్పుల బాధ చూసి సహకార పరపతి సంఘాల మీద పడ్డాడు. 1920ల్లో తిరువాన్కూరులోని మార్తాండంలో వైఎంసీఏ వాళ్ళు కోళ్ళు, తేనెటీగలు పెంచడం నేర్పారు. మార్తాండం తేనె అంటే ఇప్పటికీ పేరే. దేవుడి పేరు ఎత్తకుండానే తేనె తియ్యగా ఉంటుంది కదా! 1952 అక్టోబర్ 2న మన ప్రభుత్వం మొదలుపెట్టిన కమ్యూనిటీ డెవలప్‌మెంట్ పథకానికి ముందు జరిగిన ప్రయోగాల్లో మార్తాండం పేరు చెప్తారు. మన తాతలు తిరిగిన బీడీవో ఆఫీసుల వంశవృక్షంలో వైఎంసీఏ కొమ్మ కూడా ఒకటుందన్నమాట.

అజరయ్యకీ గాంధీకీ పడలేదు. గాంధీ వాదన సూటిగా ఉంటుంది: సేవ చెయ్యండి, మతం జోలికి రాకండి. 1936లో వైఎంసీఏ నాయకుడు జాన్ మాట్‌తో మాట్లాడుతూ, హరిజనులకి సువార్త చెప్పడం ఆవుకి చెప్పడం లాంటిదే అన్న అర్థం వచ్చేలా అన్నాడు. దాని మీద అప్పట్లోనే గొడవైంది. నాకు గాంధీ అంటే గౌరవం, అయినా ఈ మాట మింగుడు పడదు. సాయాన్ని ఎర వెయ్యొద్దు అనడం న్యాయం. పేదవాడికి మతం గురించి ఆలోచించే తెలివి లేదనడం అవమానం. అజరయ్య పోట్లాడింది ఈ రెండో దాని మీద. మన లంచ్ టేబుల్ మీద "పాపం అమాయకులు, మోసపోతున్నారు" అనేవాళ్ళు కూడా తెలియకుండా ఇదే అంటున్నారు. కోటి రూపాయల ఫ్లాటు బిల్డర్ మాట నమ్మి బుక్ చేసుకున్నవాడు అమాయకుడు కాదట, దేవుణ్ణి మార్చుకున్న మేస్త్రి అమాయకుడట.

మా అశోక్‌నగర్లో ఈ చరిత్ర ఇంకో రూపంలో కనిపిస్తుంది, అప్లికేషన్ ఫారంలో. చిక్కడపల్లి లైబ్రరీ చుట్టూ గ్రూప్స్‌కీ, ఎస్సై, కానిస్టేబుల్ పరీక్షలకీ చదివే వేలమందిలో క్లౌ, పోస్నెట్, అజరయ్యలు నడిచిన ఊళ్ళ పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ ముత్తాతకి అక్షరం వచ్చింది ఆ బడుల్లో. ఇప్పుడు ఫారంలో 'కమ్యూనిటీ' అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవుడని రాసుకుంటే బీసీ-సి, ఒక్క శాతం. అందుకే ఆదివారం ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక పేరు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకి మతం షరతు తీసెయ్యమంది. 2022 అక్టోబర్లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది. 2024 నవంబర్లో సుప్రీంకోర్టు పుదుచ్చేరి కేసులో, నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది.

చట్టం సంగతి లాయర్లు చూసుకుంటారు. నేను చూసేది మా హాస్టల్ పక్క గది కుర్రాణ్ణి. దిండు కింద బైబిలు, ఫైల్లో హిందూ అని రాసిన సర్టిఫికెట్. "అన్నా, మా ఊళ్ళో నేను చర్చికి పోతే మాదిగోడు చర్చికి పోతున్నడు అంటరు. క్రైస్తవుడు పోతున్నడు అని ఎవరూ అనరు" అన్నాడు ఒకసారి. మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటోంది. ఊరు మాత్రం అనుకోవడం లేదు. చర్చి కూడా పోగొట్టలేకపోయింది. మాల సంఘం, మాదిగ సంఘం వేరువేరుగా ఉన్న ఊళ్ళున్నాయి, రెడ్డి కథోలిక్కులు రెడ్లలోనే సంబంధాలు చూసుకునే ఊళ్ళూ ఉన్నాయి. నూట యాభై ఏళ్ళ క్రైస్తవ సేవ చదువిచ్చింది, వైద్యం ఇచ్చింది, నర్సు ఉద్యోగాలిచ్చింది, తలెత్తి నిలబడే ధైర్యం ఇచ్చింది. కులం ముందు మాత్రం అదీ తల వంచింది. ఈ లోటుని పొగిడేవాళ్ళూ చెప్పరు, తిట్టేవాళ్ళూ చెప్పరు.

డబ్బు సంగతి కూడా మాట్లాడుకోవాలి. విదేశీ విరాళాల చట్టం 1976లో వచ్చింది, 2010లో మళ్ళీ రాశారు, 2020లో ఇంకా బిగించారు. 2017 మార్చిలో కంపాషన్ ఇంటర్నేషనల్ అనే అమెరికన్ క్రైస్తవ సంస్థ మన దేశంలో పని ఆపేసింది. నెలనెలా ఒక్కో పిల్లకి ఒక్కో విదేశీ దాత అనే పద్ధతి వాళ్ళది. లక్షమందికి పైగా పిల్లలకి ఆ సాయం ఒకేసారి ఆగింది. ప్రభుత్వానిది తప్పా, సంస్థది తప్పా అని వాదించుకోవచ్చు. మన ఐటీ భాషలో చెప్పాలంటే ఇది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఎక్కడో ఒక వైరు పీకితే ఊళ్ళో పిల్ల బడి మానేస్తుంది. అజరయ్య నూరేళ్ళ కిందటే సంఘం ఖర్చు సంఘమే పెట్టుకోవాలన్నది ఇందుకే.

విన్సెంట్ ఫెర్రర్ కథ ఇంకో దారి చూపిస్తుంది. స్పెయిన్ నుంచి వచ్చిన జెసూట్. మహారాష్ట్రలో రైతులకి బావులు తవ్వించాడు, 1968లో అక్కణ్ణుంచి పొమ్మన్నారు. 1969లో అనంతపురం వచ్చాడు. మరుసటి ఏడు జెసూట్ సభ నుంచి బయటికొచ్చేశాడు. ఆయన పెట్టిన ఆర్డీటీ ఇళ్ళు, బడులు, బత్తలపల్లి ఆస్పత్రి కట్టింది. అక్కడ ప్రార్థన షరతు లేదు. 2009లో ఆయన పోయినప్పుడు జిల్లా అంతా ఏడ్చింది. ఆయన్ని ఈ ఎండిన నేలకి తెచ్చింది విశ్వాసమే. దాన్ని ఆయన మనసులో ఉంచుకున్నాడు, లబ్ధిదారుల జాబితాలోకి రానివ్వలేదు.

ఇంత చదివాక నేను నాలుగు శనివారాల కిందట ట్యూషన్లో ఒక పేచీ పెట్టుకున్నాను. అక్కడ నలభైమంది పిల్లలుంటారు, అన్ని మతాల వాళ్ళూ. పిల్లల హాజరు, మార్కులు రాయడానికి ఎక్సెల్లో ఒక షీటు తయారుచేసి ఇచ్చాను. పాస్టరుగారు చూసి సంతోషించి, "తమ్ముడూ, ఇంకొక్క గడి పెట్టు. వీళ్ళల్లో ఎంతమంది ఆదివారం ఆరాధనకి వస్తున్నారో దాతలు అడుగుతున్నారు" అన్నారు.

"అయ్యగారూ, ఆ గడి మాత్రం నేను పెట్టను" అన్నాను.

"ఎందుకని?"

"ఆ గడి ఉంటే, రేపు ఫీజు కట్టాల్సినప్పుడు ఆ గడి చూసే కడతారు. పిల్లలకి ఆ సంగతి వారంలో తెలిసిపోతుంది."

ఆయన కోప్పడలేదు. కాసేపాగి, "మొన్న మీ కంపెనీవాళ్ళు బ్యాగులు పంచడానికొచ్చారు గుర్తుందా? పిల్లలందరికీ కంపెనీ పేరున్న టీషర్టులు తొడిగి ఎండలో గంటసేపు ఫోటోలు తీశారు. అప్పుడు నువ్వు ఆ టీషర్టు వెయ్యనన్నావా? మా దేవుడి పేరు అడిగితే తప్పు, మీ కంపెనీ పేరు తొడిగితే సేవా?" అన్నారు.

నిజం చెప్పాలంటే గట్టి దెబ్బే. 2013 కంపెనీల చట్టం లాభంలో రెండు శాతం సేవకి పెట్టమంది కాబట్టి మన కార్పొరేట్ జనమంతా పుణ్యాత్ములయ్యాం. మనకీ బియ్యం మూట ఉంది, మన మూట మీద లోగో ఉంది. రాజకీయ నాయకుడి మూట మీద ఫోటో ఉంటుంది. గుడి అన్నదానంలో దాత పేరు మైకులో చదువుతారు. సాయం చేసేవాడు బదులుగా ఏదో ఒకటి కోరుకోకపోవడం మానవ మాత్రులకి కష్టం.

అయితే అందరం తప్పే కాబట్టి ఎవరిదీ తప్పు కాదు అనడానికి నేను ఒప్పుకోను. టీషర్టు సాయంత్రానికి విప్పేస్తారు. మనసులో నమ్మకం అలా విప్పి పడేసేది కాదు, అందుకే దాని దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఎవరు సేవ చేస్తున్నా నేనిప్పుడు మూడే చూస్తున్నాను. వద్దు అన్నవాడికి సాయం ఆగుతోందా? దాత వెళ్ళిపోయాక మిగిలేది ఊరిదేనా? తీసుకునేవాళ్ళకి నిర్ణయాల దగ్గర కుర్చీ ఉందా? మొదటి దాంట్లో క్లౌ నెగ్గాడు. రెండో దాంట్లో డిచ్‌పల్లి, మూడో దాంట్లో అజరయ్య. మూడింట్లోనూ నెగ్గినవాళ్ళు నాకింకా కనపడలేదు, మా కంపెనీతో సహా.

పాస్టరుగారికి క్లౌ కథ చెప్పాను. ఆయన ఒంగోలు వైపు మనిషే, ఆయన ముత్తాత ఆ కాలవలో మట్టి మోశాడట. పదిహేను నెలల సంగతి మాత్రం ఆయనెప్పుడూ వినలేదట. "కానీ తమ్ముడూ, దాతలకి ఏదో ఒకటి పంపాలిగా. నువ్వు గడి పెట్టకపోతే నేను చేత్తో రాస్తా" అన్నారు. రాస్తున్నారో లేదో నేను అడగలేదు. షీటులో మాత్రం ఆ గడి లేదు. ప్రార్థన ఇంతకుముందు క్లాసుకి ముందుండేది, పోయిన వారం క్లాసయ్యాక పెట్టారు. ఉండాలనుకున్నవాళ్ళు ఉన్నారు, మిగతావాళ్ళు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళిపోయినవాళ్ళలో ఇద్దరు క్రైస్తవుల పిల్లలే, ఆ రోజు క్రికెట్ మ్యాచ్ ఉంది మరి!